ముళ్ల వాచీలో బ్లూటూత్: స్మార్ట్‌వాచీకి బదులు హైబ్రిడ్ ఎవరికి సరిపోతుంది

అనంతపురం టవర్ క్లాక్ దగ్గరి సెల్‌ఫోన్ అంగళ్లలో గానీ, కడప ఏడు రోడ్ల కూడలిలో గానీ స్మార్ట్‌వాచీ చూపించమని అడిగితే ముందుగా బల్ల మీదికి వచ్చేది రెండు వేల లోపు కాలింగ్ వాచీ. వెలుగుతున్న పెద్ద తెర, పక్కన తిరిగే కీ, ఫోన్ వస్తే వాచీలోనే మాట్లాడొచ్చన్న హామీ. పైకి చూస్తే ముప్పై వేల వాచీకీ దీనికీ తేడా కనబడదు. కానీ దీంట్లో కొత్త యాప్ వేసుకునే వీలుండదు. చాలా వాటిలో సొంత జీపీఎస్ కూడా ఉండదు. ఫోన్ ఇంట్లో పెట్టి నడకకు పోతే అడుగుల లెక్కను బట్టి దూరాన్ని అంచనా కడుతుంది, అంతే. ఫోన్‌కు తగిలించిన చిన్న స్పీకరు, మెసేజీలు చూపే పలక కలిస్తే ఎలా ఉంటుందో ఈ వస్తువు అలా ఉంటుంది. పూర్తి స్మార్ట్‌వాచీ వేరు. ఈ తేడా ముందే తేల్చుకోకుంటే, ముళ్ల వాచీలోనే బ్లూటూత్ దాచుకున్న హైబ్రిడ్‌తో పోల్చడం మొదట్లోనే దారి తప్పుతుంది.

పూర్తి స్మార్ట్‌వాచీ సొంత ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తుంది. యాపిల్ వాచ్, గూగుల్ తయారుచేసిన వేర్ ఓఎస్ మీద నడిచే సామ్‌సంగ్ గెలాక్సీ వాచ్, గూగుల్ పిక్సెల్ వాచ్ ఈ కోవలోవి. యాప్‌లు వేసుకోవచ్చు, మెసేజీకి వాచీ నుంచే బదులివ్వొచ్చు, ఫోన్ వెంట లేకున్నా దారి గీసుకుంటుంది. ఈసిమ్, అంటే వాచీ లోపలే అమర్చిన సిమ్, ఉన్న రకమైతే ఫోన్ లేకుండానే కాల్ కూడా చేస్తుంది. అయితే యాపిల్ వాచ్‌కు ఐఫోన్ తప్పనిసరి. 2021లో వచ్చిన గెలాక్సీ వాచ్ 4 నుంచి సామ్‌సంగ్ వాచీలు ఆండ్రాయిడ్ ఫోన్లతోనే జతకడతాయి, ఐఫోన్‌తో కలవవు. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు తన ఫోన్‌ను మనసులో పెట్టుకుని ఊళ్లో నాయనకు వాచీ కొని పంపితే జరిగే మొదటి పొరపాటు ఇదే. కొనేముందు చూడాల్సింది పెట్టుకునే మనిషి చేతిలోని ఫోన్‌ను.

హైబ్రిడ్ అంటే నిజమైన ముళ్లు, నిజమైన డయల్ ఉండి, లోపల బ్లూటూత్, అడుగులు లెక్కించే సెన్సరు దాచుకున్న వాచీ. ఇందులోనూ మూడు నాలుగు తీరులున్నాయి. విథింగ్స్ స్కాన్‌వాచ్‌లో డయల్ పైభాగాన చిన్న గుండ్రటి తెర ఉంటుంది. మెసేజీ వస్తే అక్షరాలు అందులో పారుతూ పోతాయి. ఒక్కసారి చార్జ్ చేస్తే 30 రోజుల దాకా వస్తుందని కంపెనీ చెబుతుంది. గార్మిన్ వివోమూవ్ రకాల్లో డయల్ కిందే తెర దాగి ఉంటుంది. తట్టగానే ముళ్లు పక్కకు జరిగి అక్షరాలకు దారి ఇస్తాయి, చదవడం అయ్యాక మళ్లీ టైముకు వచ్చి నిలబడతాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ చార్జింగ్ 5 రోజులు దాటడం కష్టం. ఫాసిల్ హైబ్రిడ్ హెచ్‌ఆర్‌లో ముళ్ల వెనక ఈ-ఇంకు తెర, అంటే కాగితం మీది అచ్చులా కనిపించే తెర, ఉంటుంది. అంతకుముందు ఫాసిల్ చేసిన హైబ్రిడ్లలో తెరే లేదు. ఫలానా మనిషి ఫోన్ చేస్తే వాచీ అదిరి, ముళ్లు తిరిగి ముందే కేటాయించిన అంకె మీదికి పోతాయి. 3 అంటే ఇల్లు, 6 అంటే ఆఫీసు. క్యాషియో జీ-షాక్ జీఏ-బీ2100 వంటివి ఇంకో దారి పట్టాయి. వెలుతురుతోనే చార్జ్ అవుతాయి, ఫోన్‌తో కలిసి టైము సరిచేసుకుంటాయి, కనబడని ఫోన్‌ను మోగిస్తాయి. మెసేజీలు మాత్రం చూపవు. "హైబ్రిడ్" అన్న ఒక్క మాట చూసి కొంటే ఇందులో ఏది చేతికొస్తుందో తెలియదు.

తెలిస్తే చాలా, బదులు చెప్పాలా

ఫీచర్ల పట్టిక పక్కన పెట్టి ఒక్క ప్రశ్న వేసుకుంటే సగం తేలిపోతుంది: మణికట్టు మీద వాచీ అదిరినప్పుడు సంగతి తెలిస్తే చాలా, అక్కడికక్కడే బదులు చెప్పాలా?

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డ వేలం నడుస్తుండగా ఏజెంటుకు ఫోన్ వస్తుంది. చెయ్యి దుమ్ములో ఉంది, ఫోన్ జేబులో ఉంది. ఎవరు చేశారో తెలిస్తే చాలు, తీయాలో వద్దో నిర్ణయించుకుంటాడు. ఆర్టీసీ డ్రైవరుకైతే బస్సు నడుపుతూ బదులిచ్చే అవసరమే లేదు, ఇవ్వకూడదు కూడా. పాఠం చెప్పే టీచరుకు తెర వెలగని వాచీ మేలు, పిల్లల చూపు దాని మీదికి పోదు. ఇలాంటి వాళ్లకు హైబ్రిడ్ ఇచ్చేది సరిగ్గా సరిపోతుంది. ఫోన్‌ను దూరంగా పెట్టి పరుగెత్తేవాళ్లకు, దారి గీత చూసుకుంటూ సైకిల్ తొక్కేవాళ్లకు, పని మధ్యలో గొంతుతో బదులు పంపాల్సిన వాళ్లకు హైబ్రిడ్ చాలదు. పూర్తి స్మార్ట్‌వాచీకి పెట్టే డబ్బు వీళ్ల విషయంలోనే సార్థకం.

చాలామంది ఆశించేది ఇంకొకటి ఉంది: వాచీతో యూపీఐ. టీ అంగడిలో అతికించిన క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేయాలంటే కెమెరా కావాలి. ఈ వాచీల్లో అది ఉండదు. ఎంత ఖరీదైన వాచీ పెట్టుకున్నా టీ డబ్బులకు ఫోన్ బయటికి తీయాల్సిందే. డబ్బు పడిందన్న బ్యాంకు మెసేజీ అదురుతో తెలియడం మాత్రం అంగడి నడిపేవాళ్లకు నిజంగా ఉపయోగం. ఆ పని మెసేజీలు అందుకునే హైబ్రిడ్ కూడా చేస్తుంది.

ఎండ చేసే పని

ఇక్కడి వాతావరణాన్ని కొనుగోలు లెక్కలో కలపకుంటే ఆ లెక్క తప్పు. యాపిల్ తన వాచీని వాడేందుకు చెప్పిన హద్దు 0 నుంచి 35 డిగ్రీలు, వాడకుండా ఉంచేందుకు 45 డిగ్రీలు. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, కడప, అనంతపురాల్లో నీడలోనే 40 దాటుతుంది. ఇక మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన కారు డ్యాష్‌బోర్డు మీద ఎంత ఉంటుందో చెప్పనక్కర్లేదు. హద్దు దాటగానే వాచీ పాడైపోదు. ఒళ్లు వేడెక్కి చార్జింగ్ ఆపేస్తుంది, తెర వెలుగు తగ్గిస్తుంది, ఒక్కోసారి చల్లబడేదాకా పనిచేయనని తెర మీదే చెబుతుంది. అసలు నష్టం నెమ్మదిగా జరుగుతుంది. లిథియం బ్యాటరీని నిండుగా చార్జ్ చేసి వేడిలో ఉంచితే లోపలి రసాయనం త్వరగా ముసలిదవుతుంది. కాబట్టి ఎండాకాలంలో వాచీని కిటికీ పక్కన, కారులో, బైకు పెట్టెలో చార్జ్ చేయకూడదు.

చార్జింగ్ సైకిళ్ల లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. బ్యాటరీని పూర్తిగా వాడి ఒకసారి నింపితే ఒక సైకిల్. రోజుకొకసారి నింపే వాచీకి ఏడాదికి 365 సైకిళ్లు. వెయ్యి పూర్తి సైకిళ్ల తర్వాత కూడా 80 శాతం సామర్థ్యం మిగిలేలా తమ వాచీ బ్యాటరీని తయారుచేశామని యాపిల్ చెబుతుంది. అంటే మూడేళ్లలోపే ఆ గీత దగ్గరికి వస్తుంది. నెలకొకసారి నింపే హైబ్రిడ్‌కు ఏడాదికి పన్నెండు పదమూడు సైకిళ్లే. దానికి వయసు పెరగడమూ, వేడీ తప్ప సైకిళ్ల భయం లేదు. మొదటి రోజే అరకొరగా సరిపోయే బ్యాటరీలో 20 శాతం తగ్గితే సాయంత్రానికే వాచీ ఆరిపోతుంది. 30 రోజులు వచ్చేదాంట్లో అంతే తగ్గినా 24 రోజులు మిగులుతుంది, ఆ తేడా ఎవరికీ పట్టదు. హైబ్రిడ్‌కున్న పెద్ద బలం ఇదే. కొనేటప్పుడు మాత్రం ఎవరూ దీన్ని లెక్కలోకి తీసుకోరు.

చదవడంలోనూ ఎండ తేడా చూపిస్తుంది. చౌక వాచీల తెరలు అంగట్లో ట్యూబ్‌లైటు కింద మెరిసిపోతాయి, మిట్టమధ్యాహ్నం పొలంలో నల్ల పలకలవుతాయి. ముళ్లకు ఆ బాధ లేదు, ఎండ ఎంత ఉంటే అంత బాగా కనిపిస్తాయి. కొనేముందు వాచీని అంగడి బయటికి తీసుకొచ్చి ఎండలో ఒకసారి చూడాలి. ఒప్పుకోని అంగడిలో కొనకపోవడమే మంచిది.

మెసేజీలు ఎందుకు ఆగిపోతాయి

రెండు రకాల వాచీల మీదా ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఒకటే: "రెండు రోజులు బాగా పనిచేసింది, తర్వాత మెసేజీలు రావడం లేదు." చాలాసార్లు తప్పు వాచీది కాదు, ఫోన్‌ది. బ్యాటరీ మిగల్చడానికి చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు వెనక నడుస్తున్న యాప్‌ను చంపేస్తాయి. ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్స్‌కు వెళ్లి, వాచీ యాప్ తెరిచి, బ్యాటరీ దగ్గర "నో రిస్ట్రిక్షన్స్" ఎంచుకోవాలి. ఆటోస్టార్ట్ ఉంటే ఆన్ చేయాలి. నోటిఫికేషన్ యాక్సెస్‌లో ఆ యాప్‌కు అనుమతి ఉందో లేదో చూడాలి. ఆండ్రాయిడ్ 12, ఆ పై ఫోన్లలో "నియర్‌బై డివైసెస్" అనుమతి కావాలి. అంతకన్నా పాత ఫోన్లలో బ్లూటూత్ వాచీని వెతకాలంటే లొకేషన్ ఆన్‌లో ఉండాలి. చివరగా ఇటీవలి యాప్‌ల జాబితాలో వాచీ యాప్‌కు తాళం గుర్తు పెట్టాలి. అన్నీ తుడిచేసే అలవాటున్న చేతికి అది ఒక్కటే రక్ష.

ఇంకో పొరపాటు జత చేయడంలో జరుగుతుంది. ఫోన్ బ్లూటూత్ జాబితాలో వాచీ పేరు కనబడగానే అక్కడే నొక్కేస్తారు. ముందు యాప్ వేసుకుని, యాప్ లోంచే జత చేయాలి. లేకుంటే కనెక్ట్ అయినట్టే ఉంటుంది, ఏమీ రాదు.

తెలుగు మెసేజీ సంగతి ప్రత్యేకంగా చూసుకోవాలి. యాపిల్, వేర్ ఓఎస్ వాచీల్లో తెలుగు చక్కగా కనిపిస్తుంది. చౌక కాలింగ్ వాచీల్లో చాలావాటికి తెలుగు ఫాంటే ఉండదు, అక్షరానికొక డబ్బా వరుసగా వస్తుంది. కొన్నింటిలో అక్షరాలుంటాయి గానీ ఒత్తులు విడిపోతాయి. చిన్న తెర ఉన్న హైబ్రిడ్లలోనూ ఈ అనుమానం పెట్టుకునే కొనాలి. పరీక్ష సులువు: అంగట్లో వాచీని మీ ఫోన్‌కు జత చేయించి, పక్కవాళ్ల ఫోన్ నుంచి "ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, ఆళ్లగడ్డ, శ్రీశైలం" అని వాట్సాప్ పెట్టించండి. ఈ నాలుగు పేర్లూ చెదరకుండా కనబడితే ఇంట్లోవాళ్ల మెసేజీలన్నీ చదవొచ్చు. "ప్రొ" దగ్గర క్రావడి ఎగిరిపోయినా, "ళ్ల" రెండు ముక్కలైనా, ఆ వాచీలో తెలుగు చదవడం రోజూ తలనొప్పే.

గుండె, రక్తపోటు, చక్కెర

వాచీ వెనక మెరిసే ఆకుపచ్చ వెలుగు చర్మంలోకి పోయి, రక్తం పొంగినప్పుడల్లా ఎంత వెలుగు తిరిగొస్తుందో చూసి నాడి లెక్కిస్తుంది. అందుకు వాచీ చర్మాన్ని అంటుకుని ఉండాలి, మణికట్టు ఎముకకు వేలెడంత పైన. ఇక్కడే హైబ్రిడ్‌కు ఒక చిక్కుంది. చెయిన్ వాచీని వదులుగా, ముంజేతి మీద కిందికీ పైకీ జారేలా పెట్టుకోవడం మనకు అలవాటు. అలా పెట్టుకుంటే సందులోంచి బయటి వెలుగు దూరి లెక్క తప్పుతుంది. నడిచేటప్పుడు వాచీ ఊపునే నాడిగా లెక్కపెట్టడమూ ఉంది. గుండె లెక్క ముఖ్యమనుకుంటే చెయిన్ తీసి సిలికాన్ లేదా నైలాన్ బెల్టు వేసుకోవాలి. గాజులున్న చేతికైతే వాచీ ఇంకా పైకి జరపాలి, లేదా రెండో చేతికి మార్చుకోవాలి. గాజుల రాపిడికి వాచీ అద్దమూ గీతలు పడుతుంది.

అడుగుల లెక్కను కూడా పూర్తిగా నమ్మొద్దు. గుంతల రోడ్డు మీద బైకు నడిపినా, ట్రాక్టరు మీద కూర్చున్నా ఆ కుదుపులు అడుగుల్లో కలుస్తాయి. ఇది రెండు రకాలకూ ఉన్న లోపమే.

చక్కెర చూపిస్తామనే వాచీల గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. సూది గుచ్చకుండా రక్తంలో చక్కెర కొలుస్తామని అమ్మే వాచీలను, ఉంగరాలను వాడొద్దని మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. అలాంటి పరికరం ఒక్కదానికీ తాము అనుమతి ఇవ్వలేదని చెప్పింది. ఇక్కడి అంగళ్లలోనూ ఆన్‌లైన్‌లోనూ ఆ మాట రాసిన డబ్బాలు దొరుకుతూనే ఉన్నాయి. వాచీ చూపిన అంకెను నమ్మి ఇన్సులిన్ మోతాదు మార్చుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. రక్తపోటు విషయానికొస్తే, సామ్‌సంగ్ వాచీ కూడా చేతి పట్టీ ఉన్న అసలు బీపీ మిషన్‌తో పోల్చి సరిచేసుకోవాలి, 28 రోజులకొకసారి మళ్లీ సరిచేయాలి. పట్టీ లేకుండా, ఏ సరిచూపూ లేకుండా 120/80 చూపే చౌక వాచీ అంకెకు విలువ లేదు. మంచి వాచీల్లో ఉండే ఈసీజీ గుండె లయ తప్పడాన్ని పట్టగలదు, గుండెపోటును పట్టలేదు. ఛాతీ నొప్పి వస్తే వాచీ వైపు చూడకుండా ఆస్పత్రికి పోవాలి.

పూర్తి స్మార్ట్‌వాచీ నిజంగా ముందుండేది పడిపోవడాన్ని గుర్తించడంలో. ఊళ్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు ఇదొక్కటే చాలినంత కారణం. గట్టిగా పడి దాదాపు నిమిషం పాటు కదలకుండా ఉంటే యాపిల్ వాచ్ అత్యవసర నంబరుకు తనే ఫోన్ చేసి, ముందే రాసిపెట్టిన ఇంటివాళ్లకు స్థలం పంపుతుంది. అయితే వాచీకి ఈసిమ్ లేకపోతే ఫోన్ దగ్గరలోనే ఉండాలి. ఫోన్ నడవలో చార్జింగ్‌లో ఉండి మనిషి దొడ్లో పడిపోతే బ్లూటూత్ అందకపోవచ్చు. అందువల్ల ఈ అవసరానికి కొంటే ఈసిమ్ ఉన్న రకమే కొనాలి. అంతకుముందే ఆ ఊళ్లో, ఆ ఇంట్లో ఏ కంపెనీ సిగ్నల్ నిలకడగా ఉందో చూసుకోవాలి. రోజూ చార్జ్ పెట్టించే మనిషి కూడా ఉండాలి. ఆరిపోయిన వాచీ ఎవరినీ కాపాడలేదు.

అద్దం, నీళ్లు, సెల్లు

తాడిపత్రి చుట్టుపక్కల గ్రానైట్ పనుల్లో ఉన్నవాళ్లు అద్దం గురించే ముందు అడగాలి. గీతను తట్టుకునే శక్తిని మోస్ కొలతలో చూస్తే మామూలు మినరల్ అద్దం 6 దగ్గర ఉంటుంది, గ్రానైట్‌లోని క్వార్ట్జ్ 7, సఫైర్ అద్దం 9. గ్రానైట్ దుమ్ము పడ్డ అద్దాన్ని చొక్కాతో తుడిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే. ముందు నీళ్లు పోసి దుమ్ము కడిగి, తర్వాత తుడవాలి. స్కాన్‌వాచ్ వంటి మేలు రకం హైబ్రిడ్లకు సఫైర్ ఉంటుంది, చౌక వాచీలకు ఉండదు.

నీటి ఒత్తిడిని తట్టుకునే కొలత 5 ఏటీఎం అని రాసి ఉంటే ఈతకు పనికొస్తుంది. ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట నిలబడిందని మాత్రమే. రెండూ ఒకటి కాదు. వేడినీళ్ల ఆవిరి, సబ్బు లోపలి రబ్బరు రింగును గట్టిపరుస్తాయి. సెల్ మార్చడానికి వెనక మూత తెరిచిన ప్రతిసారీ ఆ రింగు సరిగ్గా కూర్చోకుంటే 5 ఏటీఎం అక్షరాలకే పరిమితం.

కొన్ని హైబ్రిడ్లకు చార్జింగ్ ఉండదు, సీఆర్2032 వంటి నాణెం సెల్లుంటాయి. మామూలు ముళ్ల వాచీలకు ఎక్కువగా ఎస్‌ఆర్626ఎస్‌డబ్ల్యూ పడుతుంది. ఇది 1.55 వోల్టుల సిల్వర్ ఆక్సైడ్ సెల్. రిపేరు అంగట్లో దీని బదులు అదే సైజు ఎల్‌ఆర్626 వేస్తే గుర్తుపట్టడం కష్టం. అది ఆల్కలైన్. వోల్టేజీ నెమ్మదిగా పడిపోతూ టైము తప్పిస్తుంది, అయిపోయాక కారి లోపలి కాయిల్‌ను తినేస్తుంది. సెల్ మీది అక్షరాలు కళ్లతో చూసి వేయించుకోవాలి. సెకన్ల ముల్లు ఒక్కొక్క సెకను కాకుండా రెండేసి, నాలుగేసి సెకన్లు కలిపి దూకుతుంటే చాలా వాచీల్లో సెల్ అయిపోవస్తోందని సూచన. తీసిన సెల్‌ను పిల్లలకు అందనీయకూడదు. మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోయే ప్రమాదం ఉంది.

హైబ్రిడ్‌కే ప్రత్యేకమైన జబ్బు ముళ్లు గురి తప్పడం. కిందపడినా, స్పీకరు దగ్గరో హ్యాండ్‌బ్యాగు అయస్కాంతం దగ్గరో పెట్టినా, లోపలి చిన్న మోటారు ఒకటి రెండు మెట్లు తప్పుతుంది. ఫోన్‌లో 10:10, వాచీలో 10:14. రిపేరుకు పరుగెత్తాల్సిన పనిలేదు. యాప్‌లో ముళ్ల క్యాలిబ్రేషన్ తెరిచి, రెండు ముళ్లనూ సరిగ్గా 12 మీదికి తెచ్చి సేవ్ చేస్తే వాచీ మిగతాది తనే సర్దుకుంటుంది. చార్జింగ్ పిన్నులున్న వాచీలకైతే చెమట శత్రువు. తడి పిన్నుకు కరెంటు పెడితే పచ్చగా తుప్పు పడుతుంది. గుడ్డతో ఆరతుడిచాకే చార్జర్‌కు తగిలించాలి.

యాప్ మూతపడిన రోజు

ఈ వాచీల ఆయుష్షు బ్యాటరీలో కన్నా కంపెనీ నిర్ణయంలో ఎక్కువగా ఉంది. పెబుల్ అనే స్మార్ట్‌వాచీ కంపెనీ 2016 డిసెంబరులో మూతపడింది. విథింగ్స్‌ను నోకియా 2016లో కొని 2018లో మళ్లీ వదిలేసింది. ఫాసిల్ 2024 జనవరిలో స్మార్ట్‌వాచీల నుంచి తప్పుకుంది. యాప్ ఆగిపోయిన రోజున పూర్తి స్మార్ట్‌వాచీలో మిగిలేది చాలా తక్కువ. ముళ్లున్న హైబ్రిడ్‌లో కనీసం టైము మిగులుతుంది. అందులోనూ ఒక మెలిక ఉంది: టైము మార్చే కీ లేకుండా, యాప్‌తోనే ముళ్లు తిప్పే రకాలున్నాయి. యాప్ పోతే వాటిని సరిచేసే దారి కూడా పోతుంది. పాత ఫాసిల్ హైబ్రిడ్లు సెకండ్‌హ్యాండ్‌లో చౌకగా కనబడినప్పుడు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.

సర్వీసు సంగతీ అంతే. హైబ్రిడ్లు మన జిల్లా కేంద్రాల అంగళ్లలో అరుదు, ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. వారంటీ భారతదేశానిదా, దిగుమతి చేసిన అంగడివాడి మాటా అన్నది బిల్లులో ఉండాలి. కర్నూలువాళ్లు హైదరాబాదుకు, అనంతపురంవాళ్లు బెంగళూరుకు తిరగాల్సి వస్తే రెండు చోట్లకూ దారి ఇంచుమించు రెండు వందల కిలోమీటర్లు. ఆ రానుపోను ఖర్చు వాచీ ధరలో కలుపుకునే పోల్చాలి.

పెళ్లిలో అల్లుడికి పెట్టే వాచీ అయితే సఫైర్ అద్దం, కీతో టైము మార్చే వీలు ఉన్న హైబ్రిడ్ గానీ, మంచి మామూలు వాచీ గానీ నప్పుతుంది. తెర వాచీ మూడేళ్లకే పాతబడుతుంది. పరీక్షలకు చదివే పిల్లలకు హైబ్రిడ్ వద్దు. మామూలు వాచీలా కనిపించినా అది బ్లూటూత్ పరికరమే, ఎలక్ట్రానిక్ వాచీలు నిషేధించిన హాల్లో దొరికితే సంజాయిషీ వినరు. నీట్‌కైతే ఏ వాచీ కూడా రానివ్వరు.

డబ్బు బిగువుగా ఉంటే మూడో దారి ఉంది. ఇంట్లో ఉన్న ముళ్ల వాచీకి మంచి సెల్ వేయించి ఎడమ చేతికి పెట్టుకుని, రెండు మూడు వేలలో సన్నని ఫిట్‌నెస్ పట్టీ కుడి చేతికి కట్టుకోవచ్చు. పట్టీ యాప్‌లో ఏ చేతికి పెట్టుకున్నారో అడిగే చోట "కుడి" అని మార్చాలి. అది మార్చకపోతే రాయడం, కలపడం, అన్నం తినడం లాంటి చేతి కదలికలు కూడా అడుగుల్లో కలిసి లెక్క ఉబ్బిపోతుంది.